కాడి నుంచి హుక్కు దాకా: బండికి ముడి ఎవరి కాడ వేయించాలె?

ఈసారి పోస్టు కొంచెం పొడుగుంటది. పొద్దుమూకి పనులైనంక తీరికగా చదవండి.

పోయిన నెల నుంచి మా ఇంట్ల ఒకటే పంచాయితీ. మా పెద్దోడు పాత బొలెరో ఒకటి కొన్నాడు. ఏపీ 22 నంబరు బండి, అంటే మూడు జిల్లాలు కాకముందు, అంతా మహబూబ్‌నగర్ జిల్లాగా ఉన్ననాటిది. ఇంటిల్లిపాదికి అదొక్కటే బండి. మా అమ్మను దవాఖానకు తీస్కపోవాలన్నా, మనుమరాలిని బడి కాడ దింపాలన్నా, పెండ్లికి పోవాలన్నా అదే. ఇప్పుడు వాడేమంటున్నాడంటే, "నాయినా, దీనికి వెనక హుక్కు పెట్టిద్దాం. చిన్న ట్రాలీ తగిలిస్తే మందు డ్రమ్ము, డ్రిప్పు పైపులు, మామిడి డబ్బాలు అన్నీ తీస్కపోవచ్చు. ప్రతి చిన్న పనికీ ట్రాక్టర్ తీసుడు ఎందుకు?"

మాట మంచిదే. మరి ఎక్కడ పెట్టించాలె? ఒకాయన షోరూముకు పొమ్మన్నాడు. ఇంకొకాయన హైవే మీద వెల్డింగ్ షాపుల గంటల అయిపోతదన్నాడు. మా అల్లుడు హైదరాబాద్‌ల రెడీమేడ్ హుక్కులు దొరుకుతయన్నాడు. మా ఇంటిపక్క ముసలాయన మాత్రం ఒక్క మాట అన్నాడు: "ఎక్కడ పెట్టిస్తవని కాదురా, తెగితే ఎవర్ని అడుగుతవు అది చూసుకో."

ఆ మాట నాకు రాత్రి నిద్ర పట్టనియ్యలే. ఎందుకు పట్టనియ్యలేదో కింద చెప్తా. లాగే దాన్ని, లాగబడే దాన్ని కలిపే ముడి గురించి మన తాతల కాలం నుంచి ఏం జరిగిందో ఒకసారి వెనక్కి పోయి చూస్తే, ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతదని అనిపించింది. నాకు తెలిసింది, చదివింది, చూసింది మీతో పంచుకుంటున్నా.

మొదలు ఎడ్లబండి కాడికి పోదాం.

గద్వాల సంస్థానం, వనపర్తి సంస్థానం ఉన్న రోజుల్లో మన దిక్కు లాగుడు అంటే ఎడ్లే. నల్లతుమ్మ మొద్దు కోసి, ఎండబెట్టి, దానితోని వడ్లాయన చక్రం చేసేవాడు. చక్రానికి ఇనుప పట్టా వేసేది కమ్మరాయన. పట్టా వేసే రోజు ఊర్ల పిల్లలకు జాతరే. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నగా చేసి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. కాలితే ఇనుము సాగుతది. నలుగురు పట్టుకార్లతో పట్టి చక్రం మీద దించి, సమ్మెటతో కొట్టి, వెంటనే నీళ్లు పోస్తారు. బుస్సున పొగ లేస్తది. ఇనుము చల్లారి దగ్గరికి గుంజుకుంటది, ఆకులు, పుట్టీలు అన్నీ కటకట బిగుసుకుంటయి. ఒక్క మేకు లేకుండా ఏండ్లకేండ్లు ఊడని పట్టు అది.

ఇక అసలు ముడి ముందర ఉంటది. బండి రెండు నొగలు ముందరికి పోను పోను దగ్గరికొచ్చి ఒకటైతయి. అక్కడ కాడిని పెట్టి మోకుతో బిగిస్తారు. మా దిక్కు కొందరు కాడిని కాని అంటరు. ఆ మోకు ముడి బిగుతుగా ఉండాలె, కానీ మొద్దుగా ఉండొద్దు. బండి మలుపు తిరిగినప్పుడు కాడి కొంచెం ఆడాలె. గుంతల పడ్డప్పుడు ఒక ఎద్దు కిందికి, ఒక ఎద్దు మీదికి పోతే ముడి సర్దుకోవాలె. మొత్తం బిగిస్తే నొగ విరుగుతది. మొత్తం వదిలేస్తే కాడి జారుతది. ఈ సంగతి పుస్తకంల రాసి లేదు. చేతికి తెలుసు.

ఇంకొకటి, బరువు సంగతి. బండి నింపేటప్పుడు మా తాత కాడి పట్టుకుని పైకి లేపి చూసేవాడు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తది, ఎడ్ల మెడ కింద పట్టెడ బిగుసుకుని ఉరి పడ్డట్టయితది. ముందర బరువు ఎక్కువైతే మెడ మీద పుండు పడుతది. కాడి మెడ మీద కొంచెం ఆనినట్టు ఉండాలె, అంతే. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లా బొలెరో కాడికి వచ్చినప్పుడు పనికొస్తది.

ఇరుసు చివరన చక్రం ఊడిపోకుండా కడశీల ఉంటది. బొటనవేలంత ఇనుప ముక్క. బండంతా దాని మీద ఆధారం. పొద్దున బండి కట్టంగనే మొదలు చూసేది దాన్నే.

ఈ పనంతా చేసిన వడ్లాయనకు, కమ్మరాయనకు పనికింత అని పైసలు లేవు. సుగ్గికి కల్లంకాడ గింజలు కొలిచేది. నిజాం కాలపు రాతల్లో వీళ్లను బలూతదార్లు అన్నారు, కొన్ని ప్రాంతాల్లో ఆయగాళ్లు అన్నారు. పేరేదైనా పద్ధతి ఒకటే. ఏడాది పొడుగునా నీ బండి, నీ నాగలి సరిగ్గా నడిస్తేనే సుగ్గికి అతనికి గింజలు. బండి విరిగితే ఆయన ఇంటికే పోయి నిలబడేది. ఆయన కూడా అదే ఊరు, అదే బాయి నీళ్లు, అదే బొడ్రాయి. తప్పించుకుని పోయే తావు లేదు. ఆ పద్ధతిల అన్యాయాలు లేవని నేను అనను. ఎంత చేసినా ఆ నాలుగు కుంచాలే, పైగా దొరల ఇంట్ల పని ఉత్తగనే చేయాల్సి వచ్చేది. వాళ్ల పిల్లలు ఆ పని వదిలి చదువులకు పోయిన్రంటే వాళ్ల తప్పేం లేదు. కానీ ముడి వేసినోడు ఎవరో ఊరందరికీ తెలిసేది. ఈ ఒక్కటి మాత్రం తర్వాత పోయింది.

నాగలి సంగతి కూడా చెప్పాలె. నాగలి పొడుగు కర్రను కాడికి ఎక్కడ కట్టాలె అనేది పెద్ద విద్య. ఒక గాటు ముందరికి కడితే ఒక లోతు, ఒక గాటు వెనక్కి కడితే ఇంకో లోతు. అదే నాగలి, అవే ఎడ్లు, కట్టే చోటు మారితే దున్నే తీరే మారుతది. లాగే బలం ఎంతున్నా, ఆ బలాన్ని ఎక్కడ తగిలిస్తున్నవు అనేదే ముఖ్యం. మన ముసలోళ్లకు ఇది తెలుసు. ఇదే సంగతి యంత్రాల కాలంల సీమ దేశాల్లో మనుషుల ప్రాణాలు పోయినంక గాని తెలిసి రాలేదు.

అదెట్లనంటే, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లండ్, అమెరికా దేశాల్లో ట్రాక్టర్లు వచ్చినయి. వాళ్లు ఏం చేసిన్రంటే, గుర్రాలు లాగే నాగలినే గొలుసుతోనో, కడ్డీతోనో ట్రాక్టర్ వెనక తగిలించిన్రు. నాగలి కర్రు పోయి బండరాయికి తట్టుకుంటే నాగలి ఆగిపోతది, వెనక చక్రాలు మాత్రం తిరుగుతనే ఉంటయి. అప్పుడు ట్రాక్టర్ ముందర గాలిలకు లేసి, వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది. చానామంది అట్ల చచ్చిపోయిన్రు.

ఐర్లండ్‌ల హ్యారీ ఫెర్గూసన్ అని ఒకాయన ఉండె. 1884ల రైతు ఇంట్ల పుట్టిన మనిషి, మెకానిక్ పని నేర్చినోడు. యుద్ధం నడుస్తుంటే తిండిగింజలు పెంచాలని 1917ల అక్కడి ప్రభుత్వం ట్రాక్టర్ల పని చూసి బాగుచేయమని ఆయనకు అప్పజెప్పింది. ఊరూరు తిరిగి చూసినంక ఆయనకు అర్థమైంది ఏందంటే, తప్పు ట్రాక్టర్ల లేదు, నాగలిల లేదు, రెండింటినీ కలిపే ముడిల ఉన్నది. అప్పటి నుంచి ఏండ్ల తరబడి దాని మీదనే పనిచేసి మూడు చోట్ల పట్టుకునే లింకు తయారుచేసిండు. కింద రెండు, మీద ఒకటి. ఇప్పుడు మనం టాప్ లింక్ అని పిలుస్తున్నమే, అదే ఆ మీది ముడి. దానికి నూనె ఒత్తిడితో లేపే లిఫ్టు జోడించిండు. రాయి తగిలినప్పుడు ఆ తోపుడు టాప్ లింక్ ద్వారా ట్రాక్టర్ ముందర భాగాన్ని కిందికే నొక్కుతది, పైకి లేపది. 1938ల హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి నోటిమాట మీదనే ఒప్పందం చేసుకున్నడు, 1939ల ఆ లింకుతోని ఫోర్డు ట్రాక్టర్ వచ్చింది. ఇవ్వాళ మీ ఇంటి ముందర ఏ కంపెనీ ట్రాక్టర్ ఉన్నా వెనక ఉండేది ఆయన లెక్కే.

మన దేశంల ట్రాక్టర్ తయారీ 1959ల ఐషర్‌తో మొదలైంది. 1960 దశకంల మహీంద్రా వాళ్ల బీ-275, టాఫే వాళ్ల మాస్సీ ఫెర్గూసన్ వచ్చినయి. 1971ల హెచ్‌ఎంటీ, 1974ల స్వరాజ్ వచ్చినయి. అయితే మన మూడు జిల్లాలకు ట్రాక్టర్లు మెల్లగనే వచ్చినయి. నీళ్లు లేని కాడ ట్రాక్టర్‌తో ఏం పని? రాజోలిబండ కాలువ కింద అలంపూర్ దిక్కు కొంచెం తడి ఉండె. మిగిలినోళ్లం జొన్న, ఆముదం, పల్లి వేసుకుని వానకు మొక్కేటోళ్లం. పంటలు ఎండిన ఏడు పాలమూరు లేబర్ అని పేరు పెట్టించుకుని ఊర్లు పట్టుకుని పోయేటోళ్లం. దేశంల ఎన్ని ప్రాజెక్టుల కట్టల మీద మనోళ్ల తట్టలు మోసినయో లెక్కలేదు. 1990ల చివరికి జూరాల నీళ్లు కాలువలకు వచ్చినయి, తర్వాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి లిఫ్టులు వచ్చినయి. అప్పుడు చూడు, గద్వాల దిక్కు సీడ్ పత్తి, మా వనపర్తి దిక్కు వరి, పల్లి, కొల్లాపూర్ మామిడి, అన్నింటికీ ట్రాక్టర్, ట్రాక్టర్ వెనక ట్రాలీ.

ఇక్కడే ముడి కథ మారింది. ట్రాక్టర్ కంపెనీది, దాని వెనక డ్రాబార్, హుక్కు కంపెనీ లెక్క ప్రకారం వచ్చినయి. కానీ ట్రాలీ కంపెనీది కాదు. అది పట్నం చివర షెడ్డుల తయారైతది. ట్రాలీ ముందర రింగు ఒకరు వెల్డింగ్ చేస్తరు. మధ్యల వేసే పిన్ను ఇంకొక దుకాణంల కొంటం. పిన్ను పోతే ఇంట్ల దొరికిన సలాక ముక్క వేస్తం. మూడు చేతులు, మూడు జాగలు. తెగిననాడు ఎవరిని అడగాలె?

ఇంకో సంగతి. ఎడ్లబండి గంటకు నాలుగు కిలోమీటర్లు పోతది. ముడి ఊడినా బండి అక్కడే ఆగుతది, నొగలు నేలకు ఆనుకుంటయి. ట్రాక్టర్ ట్రాలీ దానికి ఐదారింతల వేగంతో, ఎన్నో రెట్ల బరువుతో పోతది. మన ట్రాలీలకు ఎక్కువ శాతం వాటి సొంత బ్రేకు ఉండదు. ముందర ట్రాక్టర్ ఆపితేనే అది ఆగాలె. అంటే ఆ ఒక్క పిన్ను, ఆ ఒక్క రింగు, అవే బ్రేకు కూడా.

ఇప్పుడు నాకు నిద్ర ఎందుకు పట్టలేదో చెప్తా.

2003ల సంగతి. పల్లి పంట బాగొచ్చింది. మా ట్రాలీ రింగు అరిగిపోతే రోడ్డు పక్కన ఒక షాపుల కొత్త రింగు వెల్డింగ్ చేయించినం. పేరు చెప్పను, ఇప్పుడు ఆ షాపు కూడా లేదు. పావుగంటల అయిపోయింది, పైసలు కూడా తక్కువే తీసుకున్నడు, మేము సంబురపడ్డం. పల్లి బస్తాలు నింపుకుని పోతుంటే కాలువ కట్ట ఎక్కే కాడ టప్ మని సప్పుడైంది. ఎనుకకు చూసేసరికి ట్రాలీ ఒక్కటే వెనక్కి పోతున్నది. మా బామ్మర్ది బస్తాల మీద కూసున్నడు. దుంకిండు. ట్రాలీ పోయి కాలువల పడ్డది, ఆయన కాలు విరిగింది. ప్రాణం పోలేదు, అదే దేవుడు చేసిన మేలు. కానీ ఆ కాలు మళ్లా సరిగ్గ కుదురుకోలే. ఇప్పటికీ కుంటుకుంట నడుస్తడు. మా చెల్లె, అంటే ఆయన భార్య, ఒక్కనాడు కూడా నన్ను మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

విరిగిన రింగు తెచ్చి చూసినం. పైకి ముద్ద లెక్క వెల్డింగ్ మంచిగ కనపడుతున్నది. లోపల ఇనుము ఇనుమును పట్టనే లేదు. పెచ్చు ఊడినట్టు ఊడొచ్చింది. షాపాయనను అడిగితే, "నువ్వు రింగు పెట్టుమన్నవు, పెట్టిన. లోడు ఎంత వేస్తవో నాకేం తెలుసు" అన్నడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. తప్పు అక్కడే ఉంది. మా తాత కాలంల అయితే వడ్లాయనకు మా బండి ఎంత మోస్తదో మాకంటే ముందే తెలిసేది.

ఇక జీపుల సంగతికి వద్దాం, ఎందుకంటే బొలెరో ఆ వంశంలదే.

రెండో ప్రపంచ యుద్ధంల అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీ జీపు తయారుచేసింది. అది మనుషులను మోసేది మాత్రమే కాదు, దాని వెనక పావు టన్ను ట్రైలర్ లాగేటట్టు ముందుగనే లెక్క వేసి చేసిన్రు. దాని హుక్కు రేకుకు కాదు, కింద ఛాసిస్ అడ్డ పట్టీకి బోల్టులతో బిగించి ఉండేది. 1947 నుంచి మహీంద్రా వాళ్లు బొంబాయిల ఆ జీపులను బిగించి అమ్ముడు మొదలుపెట్టిన్రు. తర్వాత మన ఊర్లకు వచ్చిన కమాండర్ జీపులు మీకు గుర్తే ఉంటయి, పది మంది కూసునే జాగల ఇరవై మంది, మీద బియ్యం బస్తాలు. 2000ల బొలెరో వచ్చింది. దానికి కూడా కింద నిచ్చెన లెక్క ఇనుప ఛాసిస్ ఉంటది, దాని మీద బాడీ కూసుంటది.

ఇప్పుడొచ్చే కార్లు చానా వరకు అట్ల ఉండయి. వాటికి వేరే ఛాసిస్ లేదు, రేకు బాడీయే ఎముక, అదే చర్మం. వాటి బంపర్ల చిన్న మూత ఉంటది, దాంట్ల తిప్పి బిగించే కొక్కెం ఒకటి టూల్స్‌తో ఇస్తరు. దాన్ని చూసి ట్రాలీ కట్టొచ్చు అనుకునేటోళ్లు ఉన్నరు. అది బండి ఆగిపోతే తాడు కట్టి మెల్లగ గుంజడానికి మాత్రమే. రోజూ లోడు లాగడానికి కాదు. ఇంట్ల కారున్న తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

చట్టం సంగతి కూడా చెప్పాలె, చానామందికి తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కల ట్రైలర్ కూడా వేరే వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ వేరే ఉండాలె. అదే చట్టం 52వ సెక్షన్ ఏం చెప్తదంటే, కంపెనీ చేసిన తీరుకు విరుద్ధంగా బండిని మార్చొద్దు అని. 2017 డిసెంబర్‌ల కేంద్రం రాష్ట్రాలకు రాసిన ఉత్తరంల, బండ్ల ముందర పెట్టించుకునే ఇనుప గార్డులు ఈ సెక్షన్‌కు వ్యతిరేకం అన్నది. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా కంపెనీ లెక్కకు విరుద్ధమైన మార్పులు చెల్లవని చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేకుంటే ఆరు నెలల దాకా జైలు, లేకుంటే రెండూ పెట్టిన్రు.

జరిమానా కంటే పెద్ద భయం బీమా. రేపు ఏదన్నా జరిగితే "మాకు చెప్పకుండ బండి మార్చిన్రు" అని బీమా కంపెనీ చేతులెత్తేస్తే, ఇల్లు, పొలం అమ్మినా తీరదు. అందుకని హుక్కు పెట్టించే జాగ వెతికే ముందు ఆర్టీవో ఆఫీసుల అడగాలె, బీమా వాళ్లకు రాతల చెప్పాలె. రాత అంటున్న, నోటిమాట కాదు.

సరే, ఇంత తెలిసినంక నేను, మా పెద్దోడు నాలుగు జాగలు తిరిగినం.

మొదలు కంపెనీ సర్వీసు సెంటర్‌కు పోయినం. వాళ్లు హుక్కు పెట్టమన్నరు. కానీ పోవుడు ఉత్తగ పోలేదు. బండి ఎంత బరువు మోయొచ్చు, కింద ఏ భాగం మీద వెల్డింగ్ చేయొద్దు అనేది అక్కడి పెద్ద మెకానిక్ విడమరిచి చెప్పిండు. ఛాసిస్‌ను వెల్డింగ్ వేడి తగిలితే ఆ జాగల ఇనుము గుణం మారుతది, పక్కనే చీలిక వస్తది, ఉన్న రంధ్రాలకే బోల్టులు బిగించాలె అన్నడు. పైసా తీసుకోలేదు.

రెండోది హైవే మీద వెల్డింగ్ షాపు. ఆయన బండి కింద తొంగి కూడా చూడలేదు. "పొద్దుమూకే లోపల తీస్కపోండి" అన్నడు. బంపర్‌కే పట్టీ వేసి హుక్కు పెడ్తడట. బంపర్ అంటే ఏంది? చిన్న దెబ్బ తగిలితే వంగిపోయేటందుకు పెట్టింది. దానికి ట్రాలీ కడితే, మొద్దుకు కట్టాల్సిన ఎద్దును పందిరి గుంజకు కట్టినట్టే. నాకు 2003 గుర్తొచ్చి చెమటలు పట్టినయి. దండం పెట్టి వచ్చినం.

మూడోది హైదరాబాద్ రెడీమేడ్ హుక్కు. వస్తువు మంచిగనే ఉంది. గుండు 50 మిల్లీమీటర్ల సైజు, సీమ దేశాల్లో వాడేది. కానీ మన ట్రాలీలకు ఉండేది రింగు, పిన్ను. గుండుకు, రింగుకు కుదరదు. పైగా ఏదన్నా అయితే అంత దూరం ఎవరు పోవాలె?

నాలుగోది వనపర్తిల ఒక పాత షెడ్డు. ఇక్కడ ఒక మాట. వనపర్తి రాజుల మహల్‌ల 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్నది. రాజుల కొలువు ఉన్న జాగల మన దిక్కు పిల్లలు లేతు మిషను, వెల్డింగ్, డ్రాయింగు నేర్చిన్రు. కమ్మరి కొలిమిల ఉన్న విద్య ఊరు వదిలి పట్నం షెడ్లకు పోయిందంటే దాంట్ల ఆ కాలేజీ పాత్ర కూడా ఉంది. ఈ షెడ్డాయన కూడా అక్కడ చదివినోడే, వయసు అరవై దాటింది.

ఆయన ఏం చేసిండో చెప్తా. ధర చెప్పలేదు. మొదలు గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరిండు. బయటికొచ్చినంక నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి: "ట్రాలీ ఏది, దాన్ని తెచ్చినవా? నింపితే ఎంత బరువు? ఏ రోడ్డు మీద పోతవు, కాలువ కట్టలు ఎక్కాలెనా? బండిల ఎవరెవరు కూసుంటరు? ఆర్టీవో కాగితం ఉన్నదా?" ట్రాలీ తేలేదన్నా, కాగితం లేదన్నా. "అయితే రెండూ తీస్కరా, అప్పుడే కొలతలు తీస్త. లాగేదాన్ని ఒక్కదాన్నే చూసి ముడి వేస్తే అది ముడి కాదు" అన్నడు.

అన్నలారా, నాకు మా ఊరి పాత వడ్లాయన మాట్లాడినట్టే అనిపించింది.

తర్వాత ఆయన చెప్పిన పద్ధతి మీకు కూడా పనికొస్తదని రాస్తున్న. హుక్కు ఛాసిస్ రెండు పట్టీలకూ కలిసేటట్టు అడ్డ పట్టీ వేసి, దానికి బిగించాలె. ఒక్క పక్కకు కాదు. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలె, ఉత్త బోల్టులు వద్దు. హుక్కు ఎత్తు ఎంతంటే, ట్రాలీ తగిలిస్తే దాని మూతి పైకీ లేవొద్దు, కిందికీ వంగొద్దు, సాపుగ ఉండాలె. పిన్నుకు కింద తాళపు శీల తప్పదు. దానికి తోడు రెండు గొలుసులు అడ్డంగ ఒకదాని కింద ఒకటి వచ్చేటట్టు కట్టాలె. పిన్ను ఊడినా ట్రాలీ మూతి నేలకు గుచ్చుకోకుండ ఆ గొలుసుల మీద ఆగుతది. ట్రాలీకి వెనక లైట్లు, వాటికి వైరు. వందసార్లు తగిలించి తీసినా ప్రతిసారీ కిందికి వంగి చూసుకోవాలె.

బరువు సంగతి వచ్చినప్పుడు ఆయన ఏమన్నడో తెలుసా? "ట్రాలీల బరువు ఇరుసు మీద కొంచెం ముందరికి ఉండాలె. మొత్తం బరువుల పదో వంతు దాకా హుక్కు మీద ఆనాలె. వెనక బరువైతే ట్రాలీ పాము లెక్క ఊగి బండిని పక్కకు గుంజుతది." మా తాత కాడి లేపి చూసిన లెక్క ఇదే కదా! ఎద్దు మెడ పోయి బొలెరో వచ్చింది. లెక్క మారలే.

చివరికి మేము తీసుకున్న నిర్ణయం చెప్తా. హుక్కు పెట్టిస్తే ఆ వనపర్తి షెడ్డులనే. ధర హైవే షాపు కంటే రెండింతలు అయితది. ఆయన బిల్లు మీద ఏం పని చేసిండో, ఎంత బరువు లాగొచ్చో రాసి సంతకం పెట్టి ఇస్తనన్నడు. ఆ సంతకానికే నేను ఎక్కువ పైసలు ఇస్తున్న. కానీ ఇప్పుడే కాదు. ఆర్టీవో ఆఫీసుల దరఖాస్తు ఇచ్చినం. అక్కడి నుంచి ఒప్పుకున్నట్టు కాగితం వస్తేనే బండి షెడ్డుకు పోతది. రాకపోతే హుక్కు లేదు, ట్రాలీ ట్రాక్టర్ వెనకనే. మా పెద్దోడు రెండు రోజులు మూతి ముడుచుకున్నడు. వాడికి చెప్పిన, ఆ బండిల నీ బిడ్డ కూసుంటది, మీ అత్తను పోయి అడుగు మీ మామ కాలు సంగతి అని. వాడే పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చిండు.

నిన్న మా బామ్మర్ది వచ్చిండు. ఈ కథంతా చెప్పిన. మెల్లగ నవ్వి, "బావా, ఆనాడు ఆ రింగు పెట్టించే ముందర ఇన్ని ప్రశ్నలు అడిగుంటే బాగుండె" అన్నడు. ఇరవై ఏండ్లల ఆయన ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. నేనేం మాట్లాడలే. చాయ్ పోసిచ్చిన.

మన తాతలు కడశీల చూడనిదే బండి కట్టలేదు. ముడి వేసినోడి ఇల్లు వాళ్లకు తెలుసు. మనకు ఇప్పుడు ఊర్ల ఆ వడ్లాయన లేడు, ఆ కమ్మరాయన లేడు. కాబట్టి అట్లాంటి మనిషిని మనమే వెతుక్కోవాలె. ధర చెప్పే ముందర బండి కిందికి వంగి చూసేటోడు ఎవడో, లోడు ఎంతని అడిగేటోడు ఎవడో, పని మీద తన పేరు రాసేటోడు ఎవడో, వాని కాడికి పోండి.

పల్లి పీకుడు దినాలు దగ్గరికొచ్చినయి. ట్రాలీలు బయటికి తీసే ముందర ఒక్కసారి రింగు మీద మట్టి తుడిచి, పిన్ను తీసి చూడండి. అరిగి ఉంటే ఇప్పుడే మార్చండి. బస్తాల మీద మన ఇంటోళ్లే కూసుంటరు. అసలు కూసోనియ్యకండి.